మోకాలికి ఎవరు ధర కడతారు? (పటాన్‌చెరు బెల్టు ముచ్చట్లు – 11)



హాస్టల్ మెస్ బిల్లుల గురించి ఈ ఆదివారం రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. ఈ వారం ఒక మోకాలి గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

గురువారం సాయంత్రం ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతున్నాను. షిఫ్టు బస్సు ఆగింది. సెక్యూరిటీ డ్రెస్సులో ఒక పిల్లగాడు దిగాడు. ముందు ఎడమ కాలు కింద పెట్టి, తలుపు కమ్మీ పట్టుకుని, తర్వాత కుడికాలు దించాడు. ఆ దిగే తీరు ముసలాయనది, మొఖం మాత్రం ఇరవై రెండేళ్ల పోరగాడిది. నన్ను చూసి "నమస్తే సార్" అన్నాడు. రెండడుగులు నా వైపు వేసి ఆగిపోయాడు. కుంటుతున్నట్టు నాకు కనబడొద్దని ఆగాడని ఇంటికి పోయాక అర్థమైంది.

వాడు నా స్టూడెంటు. పేరు చెప్పను. మాదిగ పిల్లగాడు. తల్లి ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద ఊడుస్తది. మూడేళ్ల కింద మా కాలేజీ కబడ్డీ జట్టులో వాడే పెద్ద రైడరు. వాడు కూతకు పోతే అవతలి జట్టు రెండడుగులు వెనక్కి జరిగేది. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైన రోజు మేం గేటు ముందు ఫ్లెక్సీ కట్టాం. అందులో వాడి ఫొటో పక్కన ప్రిన్సిపాల్ ఫొటో ఉంది, మా స్టాఫ్ అందరి ఫొటోలున్నాయి, నాది కూడా ఉంది.

ఆ తర్వాత ఒక టోర్నమెంటులో ఇద్దరు డిఫెండర్లు మడమ పట్టి లాగితే వాడి మోకాలు లోపల "టప్" మంది. అది వాడు చెప్పిన మాటే. గ్రౌండులో డాక్టరు లేడు, ఫిజియో లేడు. ఐసు కూడా సోడా బండి దగ్గర నుంచి తెచ్చారు. రెండో రోజు కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. నెల తర్వాత వాపు తగ్గింది. "జర నడుస్తున్న సార్, ఆడొచ్చు" అన్నాడు. "ఆడు బిడ్డా, ఓర్చుకుంటేనే ముందుకు పోతవ్" అన్నాను. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి, మోకాలి గురించి నాకేం తెలుసు? అయినా అన్నాను. రెండో మ్యాచులోనే మళ్లీ కూలిపోయాడు. అప్పుడు పోతే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎమ్మారై తీసి, లిగమెంటు తెగింది, లోపల మెత్తటి పొర కూడా చిరిగింది, ఆపరేషన్‌కు లక్షన్నర పైన అవుతుందని చెప్పారు. తల్లి నెల జీతం పన్నెండు వేలు. ఆపరేషన్ కాలేదు. చదువు ఆగింది. ఇప్పుడు పన్నెండు గంటల షిఫ్టులో గేటు దగ్గర నిలబడుతున్నాడు, అదీ ఆ కాలు మీదనే.

ఇది వాడి తలరాత అని ఊరుకునే ముందు ఇంకొన్ని మోకాళ్లు, భుజాలు, ముఖాల గురించి మాట్లాడుకుందాం.

మన పేరు పెట్టుకున్న జట్టు ఒకటుంది, తెలుగు టైటాన్స్. 2019 ప్రో కబడ్డీ వేలంలో ఈ జట్టు సిద్ధార్థ్ దేశాయ్ అనే రైడర్‌ను 1.45 కోట్లకు కొన్నది. ఆ వేలంలో అందరికంటే ఎక్కువ ధర అదే. కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన ఈ ఆటగాడిని అంతకు ముందేడు యు ముంబా తీసుకున్నది 36.4 లక్షలకు. మొదటి సీజన్‌లోనే 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు కాబట్టి ఏడాదిలో ధర నాలుగింతలైంది. 2021 వేలంలో టైటాన్స్ మళ్లీ 1.30 కోట్లు పెట్టి అట్టిపెట్టుకుంది. ఆ సీజన్‌లో కొద్ది మ్యాచులకే భుజం దెబ్బతిన్నది. దేశాయ్ బయట కూర్చున్నాడు. టైటాన్స్ 22 మ్యాచుల్లో ఒక్కటే గెలిచింది. జట్టు బరువంతా ఒక్క భుజం మీద పెడితే, ఆ భుజం జారినప్పుడు ఏమవుతుందో ఆ ఏడు చూశాం.

ఇంకొకరు పవన్ సెహ్రావత్. 2022 వేలంలో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లు పెట్టింది, అప్పటికి అదే రికార్డు. ఆ సీజన్ మొదటి మ్యాచులోనే, ఇంకా ఆట వేడెక్కక ముందే, ఒక రైడర్‌ను పట్టబోయి మోకాలు మెలికపడింది. స్ట్రెచర్ మీద బయటికి పోయాడు. సీజన్ మొత్తం పోయింది. కానీ ఆ మోకాలి కథ అక్కడ ఆగలేదు. మంచి వైద్యం, ఫిజియో, విశ్రాంతి అన్నీ దొరికాయి. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్‌గా బంగారు పతకం తెచ్చాడు. అదే అక్టోబరులో మన టైటాన్స్ 2.605 కోట్లకు కొన్నది. తెగిన మోకాలికి మునుపటికంటే ఎక్కువ ధర పలికింది.

పవన్ కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మోకాలు దెబ్బతిని మళ్లీ అంత వేగంతో కూతకు పోవడం మామూలు పట్టుదల కాదు. నేను అడిగేది వేరే. మా పిల్లగానికి పట్టుదల తక్కువైందా? కట్టు కట్టించుకుని నెల రోజులకే మ్యాట్ ఎక్కినవాడికి పట్టుదల తక్కువ అంటామా?

కొంచెం శరీరం సంగతి తెలుసుకుందాం. ఆటగాళ్లు ఏసీఎల్ అనేది మోకాలి లోపల తొడ ఎముకను, కింది కాలి ఎముకను కలిపి పట్టి ఉంచే ఒక గట్టి పట్టీ. కాలు నేల మీద ఆగిపోయి పైన దేహం తిరిగినప్పుడు అది తెగుతుంది. కబడ్డీలో మడమ పట్టు, గొలుసు పట్టు, ఒక్కసారిగా వెనక్కి తిరగడం అన్నీ అలాంటి కదలికలే. పూర్తిగా తెగితే సాధారణంగా దానంతటది అతుక్కోదు. తొడ వెనక నుంచో మోకాలి చిప్ప కింద నుంచో నరం లాంటి ముక్క తీసి కొత్త పట్టీ వేస్తారు. ఆపరేషన్ గంటా రెండు గంటల పని. ఆ తర్వాత తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా రోజూ వ్యాయామం చేయించాలి. తొందరపడి దిగితే మళ్లీ తెగుతుంది, పక్కనున్న మెత్తటి పొర కూడా చిరుగుతుంది. వాపు తగ్గడం, మోకాలు బాగవడం రెండూ ఒకటి కాదు. ఈ ఒక్క ముక్క నాకు ఆ రోజు తెలిసి ఉంటే "ఓర్చుకో" అనేవాణ్ణి కాదు.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి మీకు తెలుసు. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లల్లో, ఆస్పత్రిలో పని చేసి పెంచింది. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2025 మేలో గుమిలో ఆసియా చాంపియన్‌షిప్ బంగారం గెలిచింది. ఆ తర్వాత కొద్ది వారాలకే శిక్షణలో ఏసీఎల్ దెబ్బతిన్నది. టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్ పోయింది. ఆమె వెనక పెద్ద ఫౌండేషన్, విదేశీ కోచ్ ఉన్నారు. ఉండాలి, ఆమెకు ఇంకా ఎక్కువ ఉండాలి. కానీ ఆ స్థాయికి చేరక ముందే, జిల్లా పోటీల్లోనే మోకాలు పోయిన జ్యోతులు ఎంతమంది ఉంటారు? వాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. దెబ్బ తగిలినప్పుడు నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావో దాన్ని బట్టే దెబ్బ పెద్దదా చిన్నదా అనేది తేలుతుంది.

ఇప్పుడు హాకీకి వస్తాను. ఈ వ్యాసానికి అసలు కారణం ఒక హాకీ క్రీడాకారిణి.

వందనా కటారియా. హరిద్వార్ పక్కన రోష్నాబాద్. దళిత కుటుంబం. 2021 జులై 31న టోక్యోలో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారత మహిళ అయింది. నాలుగు రోజుల తర్వాత సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో జట్టు ఓడింది. ఆ రాత్రి ఆమె ఇంటి ముందు పటాకులు కాల్చారు, కులం పేరుతో తిట్టారు. జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడిందని అన్నారని కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఇదంతా మనం అప్పుడు రాశాం, ధర్నాలు చేశాం.

ఆ తర్వాతి సంగతి మీద మనం ఒక్క పోస్టు కూడా పెట్టలేదు. 2024 జనవరిలో రాంచీలో పారిస్ ఒలింపిక్స్ అర్హత పోటీలు. వందన పేరు వైస్ కెప్టెన్‌గా ప్రకటించారు. పోటీలకు ముందు చెంప ఎముక విరిగింది. జట్టు నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. జనవరి 19న జపాన్ చేతిలో 1-0తో ఓడి భారత్ పారిస్ అవకాశం పోగొట్టుకుంది. ఆమె ఉంటే గెలిచేదని నేను అనను, ఆట అలా లెక్కలతో నడవదు. కానీ వందనకు మూడో ఒలింపిక్స్ ఒక చెంప ఎముక దగ్గర ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో ఆట నుంచి తప్పుకుంది. 320 మ్యాచులు, 158 గోల్స్. భారత మహిళల హాకీలో అన్ని మ్యాచులు ఆడినవాళ్లు అప్పటికి ఇంకెవరూ లేరు.

అవమానం జరిగినప్పుడు మనం లేచి నిలబడ్డాం. దెబ్బ తగిలినప్పుడు ఎవరం మాట్లాడలేదు. అవమానాన్ని కులంగా గుర్తుపట్టాం, దెబ్బను అదృష్టం అనుకున్నాం. మన ఉద్యమంలో ఉన్న ఈ లోటును ఒప్పుకోవాలి.

ఇంకొక సంగతి చూడండి. వందన తండ్రి నాహర్ సింగ్ హరిద్వార్ బీహెచ్‌ఈఎల్‌లో పనిచేశాడు. అది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మన రామచంద్రాపురంలో ఉన్నదీ అదే బీహెచ్‌ఈఎల్. రోష్నాబాద్ కూడా మన పటాన్‌చెరు లాంటి ఫ్యాక్టరీల ఊరే. అంటే వందన మన బెల్టు పిల్ల లాంటిదే. ఇరుగుపొరుగు ఆడపిల్లకు హాకీ ఏందని అంటుంటే తండ్రి ఆమె వైపు నిలబడ్డాడు. 2021 మేలో ఆయన చనిపోతే ఒలింపిక్స్ శిబిరంలో ఉన్న వందన కడసారి చూపుకు కూడా రాలేకపోయింది.

ఆయన మనసు ఎంత పెద్దదో, ఆయన ఉద్యోగం కూడా అంత ముఖ్యమని నేననుకుంటాను. ప్రభుత్వ రంగంలో ఉద్యోగం అంటే ఒకటో తారీఖు జీతం, ఆస్పత్రి, రిటైర్ అయ్యాక ఆధారం. బిడ్డ ఒక సంవత్సరం మంచాన పడినా ఇల్లు కూలిపోదు. మన ఆర్సీ పురం టౌన్‌షిప్‌లో పెరిగిన తొలితరం దళిత పిల్లలు ఎంతమంది డాక్టర్లు, ఇంజినీర్లు, ఆటగాళ్లు అయ్యారో మీకు తెలుసు. ఇవాళ అదే రోడ్డు మీద, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారంలో ఎక్కడ చూసినా కాంట్రాక్టు పని. ఆ ఇళ్లల్లో పిల్లగాని మోకాలు తెగితే మొత్తం ఇల్లే కుంటుతది.

మా నాయిన కథ కూడా చెప్పాలి. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మిషను కింద ఆయన కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు పోయాయి. మా అమ్మ ఏడ్చింది, కానీ నేను బడి మానలేదు. ఎందుకంటే ఆయన పర్మినెంటు, ఆయనకు ఈఎస్ఐ కార్డు ఉంది. ఆస్పత్రి ఖర్చు పడలేదు. ఆ తర్వాత నెలనెలా వికలాంగ భృతి వచ్చింది. నా పీహెచ్‌డీ కింద ఆ రెండు వేళ్లున్నాయి.

కార్మికుల పరిహారం కోసం 1923లో వచ్చిన చట్టంలో ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14, నడిమివేలికి 12, ఉంగరపు వేలికో చిటికెన వేలికో 7. వేళ్లకు అలా శాతాలు కట్టడం చదివితే మొదట నాకు కోపమొచ్చింది. ఇప్పుడు వేరేగా అనిపిస్తున్నది. ఆ పట్టిక ఎంత క్రూరంగా ఉన్నా ఒక మాట ఒప్పుకుంటున్నది: పనిలో పోయిన వేలికి పని చేయించుకున్నవాడు జవాబుదారీ. ఈఎస్ఐ కూడా ఎవరో దయతో ఇచ్చింది కాదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. ఆ కాలంలోనే అదార్కర్‌కు కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని అప్పగించారు, 1944లో నివేదిక వచ్చింది, 1948లో చట్టమైంది. మా నాయిన వేళ్ల మీద బాబాసాహెబ్ నీడ ఉంది.

మా పిల్లగాని మోకాలు మీద ఎవరి నీడా లేదు. వాడు కాలేజీ పేరు మీద ఆడాడు, యూనివర్సిటీ బనియన్ వేసుకుని ఆడాడు. కప్పు వస్తే ప్రిన్సిపాల్ గదిలో పెట్టుకున్నాం. న్యాక్ వాళ్లొస్తే ఆ కప్పులు చూపించాం. అది పని కాకపోతే ఇంకేమిటి? కానీ ఏ పట్టికలోనూ ఆటగాని మోకాలికి శాతం లేదు.

అమెరికా, కెనడాల్లో మంచు మీద ఆడే హాకీ లీగ్ ఉంది, ఎన్‌హెచ్‌ఎల్. అక్కడ వేలం ఉండదు, డ్రాఫ్ట్ ఉంటుంది. పద్దెనిమిదేళ్ల పిల్లలను జట్లు వరసలో ఎంచుకుంటాయి. 2017లో నోలన్ పాట్రిక్‌ను ఫిలడెల్ఫియా రెండో నంబరుగా ఎంచుకుంది. కాబోయే మహా ఆటగాడన్నారు. తీవ్రమైన మైగ్రేన్ వల్ల 2019-20 సీజన్ ఒక్క మ్యాచూ ఆడలేదు. 2022 తర్వాత మళ్లీ మంచు మీదికి రాలేదు. దెబ్బలు అక్కడా కెరీర్లను మింగుతాయి. కానీ అక్కడ ఆటగాళ్లకు యూనియన్ ఉంది. ఆడుతూ గాయపడ్డవాడికి కాంట్రాక్టు ప్రకారం జీతం ఆగదు. ఆట పోతుంది, అన్నం పోదు. ఆ తేడా తెచ్చింది యూనియనే.

ఇక్కడ పుల్లెల గోపీచంద్ కథ ప్రతి స్పోర్ట్స్ డే రోజు చెబుతారు. 1994లో మోకాలి లిగమెంటు తెగింది, ఆపరేషన్లు అయ్యాయి, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. నిజమే, గొప్ప కథే. అదే గోపీచంద్ 2025లో, ధనవంతులు కాకపోతే పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దన్నట్టు మాట్లాడితే చాలామందికి కోపమొచ్చింది. నాకు రాలేదు. లోపల చూసిన మనిషి నిజం చెప్పాడనిపించింది. అయితే ఆ నిజం నుంచి నేను తీసుకునే పాఠం వేరు. డబ్బులేని పిల్లలు ఆడొద్దంటే కబడ్డీలో, హాకీలో, పరుగులో మిగిలేదెవరు? మన పిల్లలు ఆడాలి. ఆడితే దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బకు బాధ్యుడెవరో ముందే రాసి ఉండాలి.

నాతో విభేదించే మిత్రులు ఒక మాట అంటారని తెలుసు. "అన్నా, పాశమైలారంలో 2025 జూన్ 30న సిగాచి పేలుడులో 50 మందికి పైగా కార్మికులు పోయారు. ప్రాణాలకే దిక్కులేని చోట మోకాళ్ల గురించి రాస్తున్నవా?" ఆ రోజు గేటు ముందు ఫొటోలు పట్టుకుని నిలబడ్డ కుటుంబాలను చూసినవాణ్ణి. ఆ ప్రశ్నకు తలవంచుతాను. కానీ ఈ రెండూ వేరువేరు సంగతులని అనుకోను. చనిపోయిన రోజు కోటి రూపాయల ప్రకటన వస్తుంది. బతికున్నప్పుడు ఆ దేహానికి ఒక హెల్మెట్, ఒక అలారం, ఒక ఎమ్మారై ఖర్చు పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. ఫ్యాక్టరీలోనైనా గ్రౌండులోనైనా మన దేహాన్ని వాడుకునే పద్ధతి అదే.

విద్యార్థి మిత్రులారా, మీకు నాలుగు పనులు.

ఒకటి. మీ ఫీజు రసీదు తీయండి. అందులో స్పోర్ట్స్ ఫీజు ఎంత ఉందో చూడండి. ఆ డబ్బు ఎక్కడికి పోతున్నదో ప్రభుత్వ కాలేజీ అయితే, యూనివర్సిటీ అయితే ఆర్టీఐ వేసి అడగండి. అందులోంచి జట్టులోని ప్రతి పిల్లకూ పిల్లగానికీ గాయాల బీమా కట్టమని డిమాండ్ పెట్టండి.

రెండు. డాక్టరో ఫిజియోనో లేని టోర్నమెంటుకు మీ జట్టును పంపొద్దని కాలేజీని నిలదీయండి. సౌండ్ సిస్టమ్‌కు, సన్మానం శాలువలకు డబ్బులున్న నిర్వాహకులకు ఒక ఫిజియోకు ఉండవా?

మూడు. సంగారెడ్డి లాంటి ప్రతి జిల్లా కేంద్రంలోని స్టేడియానికి ఒక పర్మినెంటు ఫిజియోథెరపిస్టు కావాలి. ఆటగాళ్లకు లిగమెంటు ఆపరేషన్, ఆ తర్వాతి తొమ్మిది నెలల వ్యాయామం రెండూ ప్రభుత్వ ఖర్చుతోనే జరగాలి. ఆపరేషన్ చేసి ఇంటికి పంపితే సగం వైద్యమే.

నాలుగు. దెబ్బ తగిలిన ఆటగాడికి హాజరు, స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు ఆగొద్దు. మా పిల్లగాడు కాలు కంటే ముందు పోగొట్టుకున్నది హాజరు శాతాన్ని. అది ఆపగలిగిన స్టాఫ్‌రూములో నేనూ కూర్చున్నాను.

శుక్రవారం వాళ్ల ఇంటికి పోయాను. తల్లి కుర్చీ తుడిచి వేసింది. "సారూ, మావోడు ఇంకా ఆడతడంటరా?" అని అడిగింది. డాక్టరు దగ్గరికి పోదాం అమ్మా, ముందు మళ్లీ చూపిద్దాం అన్నాను. ఇంతకు మించి మాట ఇచ్చే హక్కు నాకు లేదు. వాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గోడ మీద పాత ఫ్లెక్సీ ముక్క ఉంది. వాన కురిసే చోట చూరుకు అడ్డంగా కట్టుకున్నారు. అందులో వాడు కూతకు పోతున్నాడు. మూలన నా నవ్వు మొఖం కూడా ఉంది.

మంగళవారం ప్రభుత్వ ఆస్పత్రి ఓపీకి పోతున్నాం. ఆర్థోపెడిక్ విభాగంలో పనిచేసే మన మిత్రులెవరైనా ఉంటే ఇన్‌బాక్సులో చెప్పండి. ఏమైందో వచ్చే ఆదివారం మెస్ బిల్లులతో పాటు రాస్తాను. మీ కాలేజీలో ఇలా ఆగిపోయిన ఆటగాళ్లుంటే పేరు బయటపెట్టకుండా రాసి పంపండి. ఎవరి దగ్గరా లేని ఆ లెక్కను ముందు మనమే మొదలుపెడదాం.

జై భీమ్.